ఎనిమిదేళ్ల కాంపాక్ట్ క్రాసోవర్ ఇంకా ఎన్నాళ్లు నడుస్తుంది?

ప్రశ్న

ఇంటి అవసరానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక కాంపాక్ట్ క్రాసోవర్ చూస్తున్నాం. బండి వయసు ఎనిమిదేళ్లు, ఓడోమీటరు మీద 1,10,000 కిలోమీటర్లు ఉన్నాయి. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, సీవీటీ (మెట్లు లేకుండా గేరు నిష్పత్తి దానంతటదే మారే ఆటోమేటిక్) గేర్‌బాక్సు, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు). మొదటి నుంచీ ఒకే యజమాని. ఇంజన్ ఆయిల్ మార్పించిన బిల్లులు దాదాపు అన్నీ ఉన్నాయి గానీ, గేర్‌బాక్సుకు సంబంధించిన కాగితం ఒక్కటీ లేదు. మేము ఏడాదికి సుమారు 15,000 కిలోమీటర్లు తిరుగుతాం. కొంటే మరో ఎనిమిదేళ్లు ఉంచుకోవాలని ఆశ, అంటే అప్పటికి బండి 2,30,000 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. మూడు లక్షలు దాటినా చెక్కుచెదరదని కొందరు చెబుతున్నారు. లక్ష దాటిన సీవీటీ బండి జోలికే పోవద్దని మరికొందరు అంటున్నారు. ఇంత తేడా ఎందుకు వస్తోందో, మా లెక్క ఎంతవరకు సబబో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

మీ లెక్క అత్యాశ కాదు. వేళకు ఆయిల్, కూలెంట్ మార్చుకుంటూ వచ్చిన ఆధునిక పెట్రోల్ ఇంజన్ 2,50,000 కిలోమీటర్లు నడవడం వింతేమీ కాదు, మూడు లక్షలు దాటినవీ ఉన్నాయి. అయితే మీరు విన్న రెండు మాటల్లోనూ నిజం ఉంది, ఎందుకంటే మొదటివారు ఇంజన్‌ను, రెండోవారు గేర్‌బాక్సును దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. బండిలోని భాగాలన్నిటికీ ఒకే ఆయుష్షు ఉండదు. వాటిలో దేని మరమ్మతు ఖర్చు బండి విలువను మించిపోతుందో, ఆ భాగం పాడైన రోజే బండి ఆయుష్షు తీరినట్టు.

కాంపాక్ట్ క్రాసోవర్ అంటే చాలావరకు కారు పునాది మీదే ఎత్తుగా కట్టిన బండి. 1994లో వచ్చిన టొయోటా రావ్4, 1995లో వచ్చిన హోండా సీఆర్‌-వీ ఈ దారి వేశాయి. లారీకి ఉన్నట్టు వేరే చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే నేను బండిని ముందు లిఫ్టు మీద ఎక్కించి కింది నుంచి చూడమంటాను. తలుపు అంచున పెయింటు ఉబ్బితే బాగుచేయించుకోవచ్చు. సబ్‌ఫ్రేము (ఇంజన్, సస్పెన్షన్ బిగించే కింది ఉక్కు చట్రం), సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే అంచులు, బ్రేకు పైపులు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం, ఇంజన్ ఎంత నున్నగా తిరుగుతున్నా ఆ బండిని వదిలేయండి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లోనూ, సముద్రం ఒడ్డునా తిరిగిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

ఇంజన్ విషయంలో, పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కదిలేలా చూసేది టైమింగ్ బెల్టో, టైమింగ్ చైనో ముందు తెలుసుకోండి. బెల్టు అయితే తయారీదారు చెప్పిన కిలోమీటర్లకో, సంవత్సరాలకో, ఏది ముందు వస్తే దానికి మార్చాలి. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజన్ ఒక్కసారిగా పాడవుతుంది. చైనుకు అలాంటి గడువు సాధారణంగా ఉండదు గానీ, ఆయిల్ మార్పు ఆలస్యమైన బండ్లలో అది సాగుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మొదటి క్షణాల్లో గలగలమనే శబ్దం వినబడితే అనుమానించవలసిందే. మీరు వెళ్లేసరికే అమ్మేవారు ఇంజన్ వేడెక్కించి ఉంచితే ఈ పరీక్ష జరగదు కనుక, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పండి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే, మీ బండి విషయంలో అసలు ప్రశ్న గేర్‌బాక్సుదే అని నొక్కి చెప్పదలచాను. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఒక ఉక్కు బెల్టు తిరుగుతుంది. పుల్లీల వెడల్పు మారుతూ ఉంటే గేరు నిష్పత్తి మారుతుంది. బెల్టు జారకుండా పట్టు ఇచ్చేదీ, అరిగిపోకుండా కాపాడేదీ, వేడిని మోసుకుపోయేదీ ఆ గేర్‌బాక్సుకంటూ తయారుచేసిన ప్రత్యేకమైన ఆయిలే. అది జీవితకాలం సరిపోతుందని కొన్ని కంపెనీలు రాసుకున్నాయి గానీ, ఎవరి జీవితకాలమో చెప్పలేదు. ఎక్కువకాలం నడిపేవాళ్లు దాన్ని 50,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్పిస్తారు. మీరు చూస్తున్న బండిలో మొదటి మార్పు గడువు ఎప్పుడో దాటిపోయింది, రెండోది కూడా దగ్గరపడుతూ ఉండవచ్చు.

నడిపి చూసేటప్పుడు కనీసం అరగంట నడపండి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉన్న సీవీటీలోని లోపం వేడెక్కాక బయటపడుతుంది. బాగా వేడెక్కిన తర్వాత, ఆక్సిలరేటర్ మీద కాలు తేలికగా, కదపకుండా ఉంచి, చిన్న ఎత్తు ఎక్కించండి. గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సీటు కింద సన్నని వణుకు తెలిస్తే, లేదా ఇంజన్ వేగం పైకీ కిందికీ ఊగుతూ బండి వేగం మాత్రం పెరగకపోతే, బెల్టు జారుతోందని అనుమానించాలి. తర్వాత బండిని నిలిపి, బ్రేకు తొక్కి, డి (ముందుకు) నుంచి ఆర్‌ (వెనక్కి)కూ, ఆర్ నుంచి డికీ మార్చండి. పట్టు అందడానికి ఒకటి రెండు సెకన్లు పట్టినా, ధబ్‌మని తగిలినా మంచిది కాదు.

హైబ్రిడ్ బండ్లలోనూ సీవీటీ అనే పేరే వాడతారు గానీ, వాటిలో చాలావాటికి బెల్టు ఉండదు. గేర్ల సముదాయమూ, మోటార్లూ కలిసి ఆ పని చేస్తాయి. కాబట్టి సీవీటీ గురించి విన్న మంచీ చెడూ అన్నిటినీ మీ బండికి అంటగట్టవద్దు.

జవాబు 3

ఒక్క విషయంలో నాది భిన్నాభిప్రాయం. పైన ఇద్దరూ కిలోమీటర్ల చుట్టూనే మాట్లాడారు. నేను ఆ కిలోమీటర్లు ఎలా తిరిగాయన్నదానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఎనిమిదేళ్లలో 1,10,000 అంటే ఏడాదికి 14,000 కంటే కొంచెం తక్కువ, చాలా మామూలు వాడకం. అదే వయసు బండి 35,000 మాత్రమే తిరిగిందంటే నేను సంబరపడను. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలకే వాడిన ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలూ తేమా ఆయిల్లోనే మిగిలిపోతాయి. రబ్బరు గొట్టాలు, బుష్‌లు, సీళ్లు నిలబెట్టిన బండిలో కూడా ముసలివవుతాయి.

ఆయిల్ మూత విప్పి చూసినప్పుడు అడుగున కాఫీలాంటి మీగడ అంటుకుని ఉంటే కంగారు పడవద్దు. పొట్టి ప్రయాణాల తేమ వల్ల కూడా అలా వస్తుంది. కానీ దానితోపాటు కూలెంట్ మట్టం తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించాల్సిందే.

ఆల్ వీల్ డ్రైవ్ అన్నారు కనుక నాలుగు టైర్లనూ చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. మూడు టైర్లు పాతవై ఒకటే కొత్తదైతే, వాటి చుట్టుకొలత తేడా వల్ల వెనక చక్రాలకు శక్తి పంపే క్లచ్ విరామం లేకుండా పనిచేసి వేడెక్కుతుంది. వెనక డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్‌ను మార్చే సంగతి చాలామంది మరచిపోతారు, అదీ అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయించి చూశాం, శబ్దమేమీ లేదు. చైను ఉన్న ఇంజనే. కింద పైపై తుప్పు తప్ప ఏమీ కనబడలేదని మెకానిక్ చెప్పారు. వేడెక్కాక ఎత్తు మీద వణుకు రాలేదు. గేర్‌బాక్సు ఆయిల్ మాత్రం ఎప్పుడూ మార్చలేదని యజమాని నిజాయతీగా ఒప్పుకున్నారు. తీసిన నమూనా ముదురు గోధుమ రంగులో ఉంది, కాలిన వాసన లేదు. ఇన్నాళ్లు మార్చని ఆయిల్‌ను ఇప్పుడు మారిస్తేనే గేర్‌బాక్సు పోతుందని ఒకరు భయపెట్టారు. అది నిజమా?

జవాబు 2

ఆ భయం చాలావరకు అప్పటికే జారుతున్న గేర్‌బాక్సుల నుంచి పుట్టింది. ఆఖరి దశలో ఆయిల్ మార్చి, తర్వాత అది పోతే నింద ఆయిల్ మీద పడింది. మీ బండిలో లక్షణాలు లేవు, కాలిన వాసన లేదు కనుక మార్పించడమే మేలు. మెషీనుతో ఒత్తిడి పెట్టి కడిగించవద్దు. పాత ఆయిల్‌ను కింది నుంచి కారనిచ్చి, ఆ గేర్‌బాక్సుకు నిర్దేశించిన ఆయిల్‌నే పోయించండి. కారిపోయేది మొత్తంలో ఒక భాగమే కాబట్టి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మరోసారి అలాగే చేయించండి. పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పినప్పుడు అందులోని అయస్కాంతాలకు బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉండటం సహజం, గోటికి తగిలే ఉక్కు పొడి మాత్రం ఉండకూడదు. అమ్మేవారు ఒప్పుకుంటే ఈ పని కొనకముందే చేయించండి. ఆ అయస్కాంతాల మీద ఉక్కు పొడి లేకపోతే మీరు అనుకున్న 2,30,000 అందుకోవడానికి నాకు అడ్డేమీ కనబడటం లేదు. ఉక్కు పొడి కనబడితే కొత్త గేర్‌బాక్సు ఖర్చంతా ధరలో తగ్గిస్తే తప్ప ఆ బండిని తీసుకోవద్దు.