క్షయ వ్యాసంలో «ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు» అన్న సామెత వాడవచ్చునా?

ప్రశ్న: విజయవాడలోని మా పాఠశాల గోడపత్రికకు క్షయ గురించి రాస్తున్నాను. కణాల లోపల దాగే సూక్ష్మజీవులను యాంటీబాడీలు (సూక్ష్మజీవులకు అంటుకునే రక్షక ప్రొటీన్లు) ఏమీ చేయలేవని చెప్పేచోట ఈ సామెత పెడితే బాగుంటుందా?

జవాబు (గుంటూరు నుంచి): మాస్టారూ, యాంటీబాడీలు రక్తంలోనూ కణాల నడుమనున్న ద్రవంలోనూ తిరుగుతాయే గాని మామూలుగా కణపు పొర దాటి లోపలికి పోవు కనుక, అంతవరకు సామెత చెల్లుతుంది. ఆపైన చెల్లదు. మన శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణమూ తనలో తయారైన ప్రొటీన్లను ముక్కలు చేసి, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవున్న తునకలను ఎంహెచ్‌సీ అనే ప్రొటీన్ అణువులకు తగిలించి పైపొర మీద ప్రదర్శిస్తూ ఉంటుంది. వైరస్ తునక కనబడిందా, కిల్లర్ టి కణం (సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణం) పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో పొరకు రంధ్రాలు చేసి, గ్రాంజైములనే ఎంజైములను లోపలికి పంపి, ఆ కణం తనంతట తానే చనిపోయేటట్లు చేస్తుంది. తునక ఒక్కటే ఉంటే చాలదనీ, అది సొంత ఎంహెచ్‌సీ మీదనే కనబడాలనీ 1974లో ఆస్ట్రేలియాలో పనిచేస్తూ తేల్చిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంహెచ్‌సీని పైకి రానివ్వని జిత్తులమారి వైరస్‌లూ లేకపోలేదు. ఆ లోటునే ఆనవాలుగా పట్టుకునేవి ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు.

మీ వ్యాసం క్షయ గురించి కాబట్టి ఒక తేడా గమనించండి. ఆ బ్యాక్టీరియాను మింగేది మాక్రోఫేజ్ అనే రక్షక కణం; మింగినా అరిగించుకోలేదు, ఎందుకంటే జీర్ణరసాల సంచి అయిన లైసోజోమ్ తానున్న సంచితో కలవకుండా ఆ బ్యాక్టీరియా అడ్డుకుంటుంది. ఇక్కడ ముఖ్యమైన పని సహాయక టి కణాలది. అవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వల్ల మాక్రోఫేజ్‌కు సత్తువ పెరిగి, ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది. హెచ్‌ఐవీ సోకినవారిలో ఈ సహాయక కణాలే తగ్గిపోతాయి గనుక వారిని క్షయ అంత తేలికగా లొంగదీస్తుంది.

ఇక సామెత సంగతి. ఇంటి దొంగ అంటే ఇంట్లో పుట్టి పెరిగినవాడు గాని గోడ దూకి వచ్చినవాడు కాడు. క్షయ బ్యాక్టీరియా పరాయిది. సామెత అచ్చంగా అతికేది సొంత కణమే దారి తప్పే క్యాన్సర్‌కు.

ప్రశ్న: సరేనండి, సామెత తీసేస్తాను. టి కణాల పని పిల్లలకు కంటితో చూపేదేమైనా ఉందా?

జవాబు: మాంటూ పరీక్ష ఉంది. ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ (క్షయ బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్లు) ఎక్కించి 48 నుంచి 72 గంటల తర్వాత చూస్తారు. అక్కడ చర్మం ఉబ్బి గట్టిపడితే, ఆ బ్యాక్టీరియాను ఇదివరకే ఎరిగిన టి కణాలు వచ్చి చేరాయన్నమాట. అయితే క్షయకు వేసే బీసీజీ టీకా వల్లనూ అలా గట్టిపడవచ్చునని బొమ్మ కిందనే రాయండి. లేకపోతే పిల్లలు అదే జబ్బనుకుంటారు.