అప్‌డేట్: రెండో అంతస్తు క్లాసులు, మా ఫ్రెండ్ వీల్‌చైర్

పోయిన నెల ఇక్కడే అడిగాను. గుంటూరులో మా ప్రభుత్వ కాలేజీలో వీల్‌చైర్ వాడే క్లాస్‌మేట్‌ని రోజూ రెండో అంతస్తుకి మోసుకెళ్తున్నాం, ఎవరికి అర్జీ పెట్టాలి అని. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చదవమన్న అక్కకి రుణపడి ఉంటాను.

ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. మా దగ్గర ఆ మాటే ఎవరూ విన్నట్టు లేరు. బ్రాడీపేటలో అర్జీ టైప్ చేయించి, క్లాసు మొత్తం సంతకాలు పెట్టి, ప్రిన్సిపాల్ గారికిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు.

మళ్లీ వెళ్లినప్పుడు తనే మాట్లాడింది. "సార్, వీళ్లు బాగానే మోస్తున్నారు. కానీ క్లాసుకి నా అంతట నేను రావాలి."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అర్జీ నిండా మేం పడే కష్టమే రాశాను. తనకేం కావాలో అసలు అడగలేదు.

సోమవారం నుంచి మా క్లాసులన్నీ కింది గదిలోనే. ర్యాంపు కూడా పోశారు గానీ మరీ నిటారుగా ఉంది. అంగుళం ఎత్తుకి కనీసం 12 అంగుళాల పొడవు ఉండాలి, టేపు పెట్టి కొలిస్తే 6 కూడా రాలేదు. పగలగొట్టి మళ్లీ పోస్తామన్నారు. లైబ్రరీ ఇంకా పైనే ఉంది. దానికి రెండో అర్జీ మొదలుపెట్టాం, ఈసారి తను చెబుతుంటే నేను రాస్తున్నాను.