రేడియేషన్ బెల్టుల ఎలక్ట్రాన్లను కొలవడానికి చిన్న ఉపగ్రహాలు చాలవా?

ధ్రువకక్ష్య
భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న శక్తిమంతమైన కణాల వలయాలే రేడియేషన్ బెల్టులు. వాటిని కొలిచిన నాసా జంట ఉపగ్రహాలు, వాన్ అలెన్ ప్రోబ్స్, 2019లో ఆగిపోయాయి. 2024 మే సౌర తుపాను తర్వాత లోపలి, బయటి బెల్టుల నడుమ కొత్తగా పుట్టిన ఎలక్ట్రాన్ బెల్టును పట్టుకున్నది సర్బీ అనే క్యూబ్‌శాట్, అంటే చెప్పుల డబ్బా అంత ఉండే బుల్లి ఉపగ్రహం. ఇక పెద్ద మిషన్లు మానేసి, తక్కువ ఎత్తులోకి ఇలాంటివి పది పంపితే మేలని నా వాదన. ఇవి గంటన్నరకో చుట్టు తిరుగుతాయి, చుట్టుకి నాలుగుసార్లు బయటి బెల్టు అయస్కాంత బలరేఖలను దాటుతాయి. ప్రోబ్స్‌కి ఒక్కో చుట్టుకి దాదాపు 9 గంటలు పట్టేది. తుపాను వేళ బయటి బెల్టు కొన్ని గంటల్లోనే ఖాళీ అయిపోవచ్చు!

బలరేఖ
ఎన్నిసార్లు దాటిందని కాదండీ, దాటినప్పుడు ఏం కనిపించిందో చూడాలి. ఎలక్ట్రాన్లు బలరేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ ఉత్తర, దక్షిణాల మధ్య ఊగుతుంటాయి. ధ్రువాల వైపు క్షేత్రం బలపడేకొద్దీ వెనక్కి మళ్ళుతాయి. చాలా భాగం భూమధ్యరేఖకు దగ్గర్లోనే మళ్ళిపోతాయి. ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తు దాకా దిగేవి కొద్ది మాత్రమే. ఆ కొద్దిని చూసి మొత్తం బెల్టు ఎంతో చెప్పాలంటే అంచనాలే దిక్కు.

2012 అక్టోబర్ 9 తుపాను గుర్తుందా? ఎలక్ట్రాన్లకు అంత శక్తి బయటి నుంచి లోపలికి జరగడం వల్ల వస్తోందా, బెల్టు లోపలే తరంగాలు ఇస్తున్నాయా అన్నది ఏళ్ళ నాటి వివాదం. ప్రోబ్స్ కొలతల్లో ఆ శక్తిమంతమైన ఎలక్ట్రాన్ల శిఖరం బెల్టు నడిమధ్యనే కనిపించింది, అంటే శక్తి అక్కడే అందుతోంది. అది తేల్చడానికి ఎలక్ట్రాన్ల శక్తి, దిశలతో పాటు అదే చోట అయస్కాంత క్షేత్రమూ కొలవాల్సి వచ్చింది. చిన్న డబ్బాలో ఇవన్నీ పట్టవు.

ధ్రువకక్ష్య
మరి రాలిపోయేవాటి సంగతి? భూమధ్యరేఖ దగ్గర, వాతావరణంలోకి పడబోయే ఎలక్ట్రాన్ల దిశ బలరేఖకు కొద్ది డిగ్రీల లోపే ఉంటుంది. అంత ఇరుకు కోణాన్ని ప్రోబ్స్ పరికరాలు విడదీయలేవు. కింద నుంచే అది చూడగలం. 1992లో తక్కువ ఎత్తులోకి వెళ్ళిన శాంపెక్స్ ఉపగ్రహం ఆ పని ఏళ్ళ తరబడి చేసింది.

గైగర్
ఇద్దరూ కక్ష్య దగ్గరే ఆగిపోయారు, పరికరం మాటేమిటి? 1958లో ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహంలోని కణాల కౌంటర్ పైకి వెళ్ళేసరికి సున్నా చూపించింది. కణాలు మరీ ఎక్కువై అది లెక్కించలేకపోయింది. లోపలి బెల్టులో ఇంకో చిక్కు: శక్తిమంతమైన ప్రోటాన్లు కవచాన్ని చీల్చుకొచ్చి ఎలక్ట్రాన్ల లెక్కలో కలిసిపోతాయి. ప్రోబ్స్ ఆ కల్తీని తీసేసి చూస్తే, తొలి ఏళ్ళలో అక్కడ సుమారు 9 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు దాదాపు కనబడలేదు. పాత మోడళ్ళు మాత్రం దండిగా ఉన్నాయన్నాయి.

బలరేఖ
గైగర్ గారు సరిగ్గా పట్టుకున్నారు. రాలిపోయేవాటికి కింది ఉపగ్రహాలు కావాలి, కాదనను. కానీ పైన జపాన్ ఉపగ్రహం అరాసే లాంటిది ఒక్కటే ఉంటే కొలత పెరిగినప్పుడు బెల్టు మారిందో, ఉపగ్రహం చోటు మారిందో తేలదు. ప్రోబ్స్‌ని జంటగా పంపింది అందుకే. ఆ జంట స్థానంలోకి ఇంకో జంట వెళ్ళాలి.