నీరము తప్తలోహమున: కొలిచినవాడా, గాలి సోకినవాడా?

భీమవరం తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. డిగ్రీలో ఆస్కార్ వైల్డ్ ఇంగ్లీషు నవల ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ చదువుతున్నాడట. అందులో లార్డ్ హెన్రీ డోరియన్ అనే అందమైన కుర్రాణ్ణి మాటలతో పాడుచేసిన తీరుకి మన ఏనుగు లక్ష్మణకవి పద్యం అతుకుతుందా అని అడిగాడు. ముందు పద్యం చూద్దాం.

నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు నా
నీరమె ముత్యమట్లు నళినీదళ సంస్థితమై తనర్చు నా
నీరమె శుక్తిలోఁ బడి మణిత్వముఁ గాంచు సమంచితప్రభం
బౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తముఁ గొల్చువారికిన్

కాలిన ఇనుము మీద పడ్డ నీటిబొట్టు పేరు లేకుండా పోతుంది. తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది. ముత్యపు చిప్పలో పడితే ముత్యమే అవుతుంది. అధముణ్ణి, మధ్యముణ్ణి, ఉత్తముణ్ణి కొలిచేవాళ్ల, అంటే ఆశ్రయించి సేవించేవాళ్ల, గతులు కూడా ఇలాగే ఉంటాయి. మన కోనసీమలో తామరచెరువు గట్టున కాసేపు నిలబడితే రెండో పాదం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పద్యం ఆ నవలకి చాలావరకు అతుకుతుంది. ‘అనామకమై’ అన్న మాటైతే ఒళ్లు జలదరించేంత బాగా అతుకుతుంది. నవలలో డోరియన్ ముఖం ఎప్పటికీ అందంగానే ఉండిపోతుంది, అతని వయసూ పాపాలూ అతని చిత్రపటం మీద కనిపిస్తాయి. చివర డోరియన్ ఆ పటాన్ని కత్తితో పొడుస్తాడు. కేక విని నౌకర్లు పైకి వస్తారు. గోడ మీద పటంలో అందమైన యువకుడు అలాగే ఉంటాడు. నేల మీద ముడతలు పడ్డ ముఖంతో, గుండెలో కత్తితో ఎవరో చచ్చిపడి ఉంటాడు. వేళ్లకున్న ఉంగరాలు చూసేదాకా అది తమ యజమానే అని వాళ్లకి తెలియదు. మనిషి పోవడం వేరు, వాడెవడో చెప్పలేని స్థితిలో పోవడం వేరు. ‘నశించు’తో ఆగకుండా కవి ‘అనామకమై’ అని ఎందుకు అన్నాడో నాకు ఆ పేజీ దగ్గర పూర్తిగా అర్థమైంది.

ఇంకో విశేషం. పద్యంలో మూడు గతులూ వేరువేరు బొట్లవి. నవలలో రెండు గతులు ఒకే మనిషికి ఒకేసారి పడతాయి. బయట ఊరందరికీ డోరియన్ తామరాకు మీది బొట్టే, ముప్పై ఎనిమిదేళ్లు వస్తున్నా ముఖం వాడదు. మేడ మీద తాళం వేసిన గదిలో పటం మాత్రం మాడిపోతూ ఉంటుంది. కవి ‘ముత్యమట్లు’ అన్నాడు, ముత్యం అనలేదు.

అతకనిది చివరి పాదంలో ఉంది. ‘కొల్చువారికిన్’. కొలిచేవాడికి తాను ఎవరిని కొలుస్తున్నాడో తెలుసు. వెళ్లి చేరాడు, కావాలంటే మానుకోగలడు. డోరియన్ సంగతి అది కాదు. చిత్రకారుడు బాసిల్ ముందే హెన్రీని బతిమాలాడు, ఆ అబ్బాయిని నీ ప్రభావంలోకి లాగొద్దని. హెన్రీ కూడా దాచలేదు. మంచి ప్రభావం అనేదే ఉండదు, ఎవరినైనా ప్రభావితం చేయడమంటే మన ఆత్మని వాడిలో పెట్టడమే, ఆ తర్వాత వాడి పాపాలు కూడా అరువు పాపాలే అని ఆ కుర్రాడి మొహం మీదే చెప్పాడు. చెబుతూనే ఆ పని చేశాడు. డోరియన్‌కి మాత్రం లోపల కదులుతున్న కొత్త ఆలోచనలు తనలోంచే పుట్టినట్టు అనిపించింది. ఇదే అసలు ప్రమాదం అని నేను నమ్ముతాను. బొట్టు ఆ వేడిని తన వేడే అనుకుంటోంది.

ఈ తెలుగు పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో కొలవడం లేదు. ‘ప్రాయేణాధమమధ్యమోత్తమగుణః సంసర్గతో జాయతే’ అని ఉంది, అధమ, మధ్యమ, ఉత్తమ గుణాలు సంసర్గం వల్ల కలుగుతాయని. సంసర్గం అంటే తగలడం, కలిసి ఉండటం. పైగా ‘ప్రాయేణ’, అంటే చాలావరకు అని. తప్పించుకునే సందు ఒకటి వదిలాడు. తెలుగు పద్యం నడకలో అందమైనదే, నాకు ప్రాణం, కానీ ఈ నవల పక్కన పెట్టాలంటే సంస్కృత పాదమే దగ్గర. మన ఊళ్లలో ‘వాడి గాలి సోకింది’ అంటారు చూడండి, అది ఇంకా దగ్గర. గాలి సోకినవాడికి సోకినట్టు తెలియదు.

మన ధవళేశ్వరంలో మొదలయ్యే వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’లోనూ బంగారం చేసిపెడతానన్న బైరాగి మాటలు నమ్మి రాజశేఖరుడు మోసపోతాడు. అక్కడ బైరాగికి బంగారం కావాలి. హెన్రీకి ఏమీ అక్కర్లేదు. ఒక మనసు తన మాటకి ఎలా వంగుతుందో చూడటమే అతనికి కావాలి. అందుకే అతను నాకు బైరాగి కన్నా ఎక్కువ భయం పుట్టిస్తాడు.

మళ్లీ డోరియన్ దగ్గరికి వస్తే, నవల చివరికి వచ్చేసరికి, నువ్విచ్చిన పుస్తకం నన్ను విషంలా పట్టింది, ఇంకెవరికీ ఇవ్వకు అని డోరియన్ అడిగితే, కళకి మనిషి చేతల మీద ప్రభావమే ఉండదని హెన్రీ కొట్టిపారేస్తాడు. ప్రభావం గురించి అంత చెప్పిన మనిషి! తమ్ముడు పరీక్షలో రాయాల్సింది ఈ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి.

పద్యంలో చోటు లేని సంగతి ఇంకొకటి ఉంది. మాడిన బొట్టు తర్వాత తానే ఇనుమవుతుంది. నీ స్నేహం కుర్రాళ్లకి ఎందుకింత ప్రాణాంతకం అని బాసిల్ డోరియన్‌నే నిలదీస్తాడు, ఆ రాత్రే అతని చేతిలో చస్తాడు. చెడినవాడు చెరిచేవాడుగా మారడం గురించి మన శతకాల్లో పద్యం ఏదైనా మీ ఎవరికైనా నోటికి వస్తే ఇక్కడ పెట్టండి. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అన్న సామెత కొంత దూరం వస్తుంది, నాకు పద్యం కావాలి.