షార్ట్‌స్టాప్ ఆడే మా అబ్బాయికి ఏం చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదిహేడేళ్ళు, హైస్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్). ఫీల్డింగ్ చాలా బాగుంటుంది, బ్యాటింగే కాస్త వెనక. కాలేజీకి వెళ్ళకుండా నేరుగా మైనర్ లీగ్‌లోకి (అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌కి కింద ఉండే ప్రొఫెషనల్ లీగ్‌లు) వెళ్తానంటున్నాడు.

వాడికి ఆదర్శం గిఫ్ట్ న్గోపే అనే బేస్‌బాల్ ఆటగాడు. దక్షిణాఫ్రికాలో వాళ్ళమ్మ ఒక బేస్‌బాల్ క్లబ్బులో పనిచేసేది, క్లబ్‌హౌస్‌లోనే ఒక చిన్న గదిలో కాపురం. 2008లో మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతనితో సంతకం చేయించుకుంది. మన దేశం నుంచి వెళ్ళిన బేస్‌బాల్ పిచర్లు రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్‌లను తీసుకున్నదీ అదే జట్టు, అదే ఏడాది. 2009 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో సొంత దేశానికి ఆడాడు. అయినా మేజర్ లీగ్‌కి చేరింది 2017 ఏప్రిల్ 26న! ఆఫ్రికాలో పుట్టి అక్కడిదాకా వెళ్ళిన మొదటివాడు. తొలిసారి బ్యాటింగ్‌కి దిగినప్పుడే పిచర్ జాన్ లెస్టర్ మీద హిట్ కొట్టాడు. కానీ ఆ ఏడాది పైరేట్స్‌కి ఆడింది 28 మ్యాచ్‌లే. ఎనిమిదేళ్ళకు పైగా ఎదురుచూపు, తర్వాత ఇంతేనా అని నా మనసు పీకుతోంది.

2023 ఒప్పందం ప్రకారం మైనర్ లీగ్‌లో అన్నిటికంటే పై లెవెల్ అయిన ట్రిపుల్-ఏలో ఆ ఏడాది కనీస జీతం 35,800 డాలర్లు. కింది లెవెల్స్‌లో ఇంకా తక్కువ.

మీ పిల్లలెవరైనా ఈ దారిలో వెళ్ళారా? బ్యాటింగ్ మెరుగుపడాలంటే కాలేజీ బేస్‌బాలే మంచిదా? చలికాలంలో ఆస్ట్రేలియా లాంటి చోట్ల లీగ్‌లు ఆడితే నిజంగా ఉపయోగం ఉంటుందా? వాడి ఉత్సాహం చంపకుండా ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.