వీల్‌చైర్‌తో హైలైన్ మొత్తం చూడాలంటే ఏ చివర మొదలుపెట్టాలి?

న్యూయార్క్‌లో వీధుల పైన ఎత్తుగా ఉన్న పాత రైలు దారిని పార్కుగా మార్చిన హైలైన్ మీద వీల్‌చైర్ తోసుకుంటూ వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. కుర్చీలో కూర్చునేది పెద్దావిడ. దారి సుమారు 2.3 కిలోమీటర్లు, వీధికి దాదాపు 9 మీటర్ల ఎత్తు. ఉత్తరాన 34వ వీధి దగ్గర దారే వాలుగా నేలకు దిగుతుంది కాబట్టి లిఫ్టుతో పనిలేదు. దక్షిణాన గాన్స్‌వూర్ట్ వీధిలో మాత్రం లిఫ్టే దిక్కు. అది ఆగిపోతే 14వ వీధి లిఫ్టు దాకా పోవాల్సిందే. అందుకే ఉత్తరం నుంచి ఎక్కడం నయమనిపిస్తోంది. కాకపోతే అక్కడ రైల్‌యార్డు చుట్టూ నీడ తక్కువ, హడ్సన్ నది గాలి సూటిగా కొడుతుంది.

అసలు భయం నేల గురించి. కాంక్రీటు పలకలు పొడవునా పరిచి ఉంటాయి, మధ్యమధ్య సందులు. అంచుల్లో అవి దువ్వెన పళ్లలా సన్నబడి మొక్కల మట్టిలో కలిసిపోతాయి. ముందరి చిన్న చక్రం అటు ఒరిగితే ఇరుక్కుంటుందా? ఎంత వెడల్పు చక్రమైతే ఫరవాలేదు?

20, 22 వీధుల మధ్య పొదలతో దారి ఇరుకవుతుంది. అక్కడ ఎదురుగా గుంపు వస్తే కుర్చీ పక్కకు తీసే చోటుందా? అలాగే 25వ వీధి దాటాక చెట్ల కొమ్మల ఎత్తుకు లేచే లోహపు వంతెన వాన తడికి జారుతుందా? పొద్దున్నే వెళ్తే రద్దీ తప్పుతుందా?