యాంటీవైరస్ గడువు తీరింది. దుకాణంలో కొనమంటున్నారు, మా అబ్బాయి వద్దంటున్నాడు

గోపాలపట్నం లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. ముప్ఫై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఉన్న కంప్యూటర్ 2018లో ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో అసెంబుల్ చేయించుకున్నది. ఏడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఇవన్నీ నాకు అర్థమై రాస్తున్నవి కావు, బిల్లులో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను.

అప్పుడే వేసిన యాంటీవైరస్‌ను గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చాను. గత నెల మళ్లీ తీరింది. అప్పటి నుంచి తెర కుడివైపు కింది మూలలో పది నిమిషాలకోసారి ఎర్రటి డబ్బా వస్తోంది. మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యువల్ చేసుకోండి అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఎప్పుడు చూసినా అయిదే. నెల రోజులుగా పెరగవు, తగ్గవు. అంత నిలకడగా ఉన్న సంఖ్యను చూసి లెక్కల టీచరుకు అనుమానం రాకపోతే ఎలా?

దుకాణానికి ఫోను చేస్తే, “మూడేళ్లకు రెండు వేల నాలుగు వందలు మేడమ్, కళ్లు మూసుకుని వేయించుకోండి” అన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి “రూపాయి కూడా పెట్టకమ్మా, విండోస్‌లోనే ఉంది” అని ఫోను పెట్టేశాడు. మీటింగట. పక్కింటివారు ఉచితంగా దొరికేది ఏదో వేసుకున్నారు. వాళ్ల కంప్యూటర్ తెరిస్తే ప్రకటనల తిరునాళ్లే.

నా పనులు ఇవి: ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు టైపు చేయడం, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సందు చివరి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించడం, బ్యాంకు, పింఛను, కరెంటు బిల్లు. ఆదివారం పెందుర్తి నుంచి మా అమ్మాయి కొడుకు వస్తాడు. వాడు ఏమేమి ఆడతాడో, ఎక్కడి నుంచి దించుతాడో నాకు తెలియదు.

ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ రెక్కలు ఊడిపోయి బీరువాలోకి నీళ్లు వెళ్లాయి. ఆల్బమ్‌లు ముద్దయిపోయాయి. చింపకుండా విడదీయగలిగిన 640 ఫొటోలను స్కాన్ చేయించాను. మావారు పోర్టులో పనిచేసిన రోజులవి, పిల్లల అక్షరాభ్యాసాలవి, అన్నీ ఇప్పుడు ఈ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు.

కొనాలా, వద్దా? కొంటే ఏది? కారణం కూడా రాయండి. జవాబు ఒక్కటే రాసి ఊరుకుంటే నేను మార్కులు వేయను.


కూర్మన్నపాలెం మాజీ ఫోర్‌మన్:

టీచరుగారూ, కొనండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసినన్నాళ్లూ హెల్మెట్ లేకుండా లోపలికి అడుగు పెట్టలేదు. తల పగిలిన తరువాత హెల్మెట్ కొంటామా?

2017 మేలో వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లకే తగిలింది. ఫైళ్లన్నీ తాళం వేసేసి, బిట్‌కాయిన్లు ఇస్తే తీస్తామన్నారు. పోలీసులకే దిక్కులేనప్పుడు మనమెంత? నేను పుణె వాళ్ల క్విక్ హీల్ చాలా ఏళ్లుగా వాడుతున్నాను, ఒక్క ఇబ్బందీ రాలేదు. చెన్నై వాళ్ల కే7 కూడా బాగుంటుందని మా తోడల్లుడు అంటాడు. పిల్లలు వద్దంటూనే ఉంటారు. ఫైళ్లు పోతే మీటింగ్ మానుకుని వస్తారా?


కంప్యూటర్ రిపేర్లు, సీతమ్మధార:

టీచరుగారూ, ముందు ఆ అయిదు వైరస్‌ల సంగతి తేలుద్దాం. అవి అసలు లేవు. ఈసారి డబ్బా రాగానే దేని మీదా నొక్కకుండా అందులోని చిన్న అక్షరాలు చదవండి. క్రోమ్ అనో ఎడ్జ్ అనో, దాని పక్కన ఏదో వెబ్‌సైటు పేరో కనిపిస్తుంది. అంటే అది యాంటీవైరస్ చెప్పే మాట కాదు. మీరు ఎప్పుడో ఒక వెబ్‌సైటుకు నోటిఫికేషన్లు పంపుకోమని అనుమతి ఇచ్చారు, అది వాడుకుంటోంది. నొక్కితే డబ్బు కట్టే పేజీకి తీసుకుపోతుంది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఆ జాబితాలో మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. ఈ ఒక్క పనికి డబ్బు తీసుకోవడానికి నాకే మొహమాటంగా ఉంటుంది, కానీ వారానికి ఇద్దరు ముగ్గురు సీపీయూ చంకన పెట్టుకుని దీని కోసమే వస్తారు.

రెండోది, గడువు తీరిన యాంటీవైరస్‌ను అలాగే ఉంచకండి. కాపలా నేనే అంటూ అది ఒక్కోసారి కుర్చీ వదలదు, కొత్త వైరస్‌ల వివరాలు మాత్రం దానికి అందవు. పూర్తిగా తీసేసి కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ మామూలుగా తనంతట తానే లేస్తుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆకుపచ్చ టిక్కు ఉందో లేదో చూసుకోండి. రెండు యాంటీవైరస్‌లు కలిపి వేయకండి. ఒకదాన్నొకటి దొంగ అనుకుని కంప్యూటర్‌ను కదలనివ్వవు.

మూడోది రాయడానికి కొంచెం ఇబ్బందే, నాదీ ఇదే వృత్తి కనుక. అసెంబుల్ చేసినది అన్నారు. బిల్లులో విండోస్‌కు వేరే ధర వేశారా? సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. మీ సంస్థ యాక్టివేషన్ సేవ ద్వారా అని ఉంటే అది దొంగ విండోస్ అనుకోవచ్చు. ఇంటి కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడి నుంచి వస్తుంది? దొంగ విండోస్‌ను నిజమైనదిగా నమ్మించే పనిముట్టును డిఫెండర్ పట్టేస్తుంది కనుక, పట్టుకోకుండా మినహాయింపులు రాసిపెట్టి, అప్‌డేట్లు కూడా ఆపేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అలాంటి కంప్యూటర్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా వెనక తలుపు తెరిచి పెట్టి ముందు గేటుకు తాళం వేసినట్టే.

ఫోర్‌మన్‌గారూ, వానాక్రై చొరబడిన రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు వేసుకోనివాళ్లకే ఎక్కువగా తగిలింది. కనుక టీచరుగారూ, అప్‌డేట్లు ముఖ్యం. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు. అయితే మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తారు. అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది.


గోపాలపట్నం లెక్కల టీచరు:

బాబూ, మీరు చెప్పినట్టే చేశాను. డబ్బాలో క్రోమ్ అనే ఉంది. పక్కన పేరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదో తరగతి పాత ప్రశ్నపత్రాలు ఉచితం అంటే నేనే వెళ్లిన చోటు. మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అనుమతించు అనే చోట నొక్కండి అంది. నొక్కాను. మనవణ్ణి నెల రోజులుగా అనుమానించాను పాపం. ఆ పేరు తీసేయగానే అయిదు వైరస్‌లూ ఒక్కసారిగా సున్నా అయ్యాయి.

యాక్టివేషన్ పేజీలో మాత్రం మీరు రాసిన మాటే ఉంది, మీ సంస్థ సేవ ద్వారా అని. నా సంస్థ ఏది, జిల్లా పరిషత్తా? బిల్లు తీసి చూశాను. విండోస్ అన్న మాటే లేదు. ఏడేళ్లుగా దొంగ విండోస్‌కు డబ్బిచ్చి కాపలా పెట్టుకున్నానన్నమాట. అప్‌డేట్ల పేజీ తెరుచుకోనే లేదు. ఇప్పుడు ఫార్మాట్ చేయించాలంటే, అంటే అంతా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించాలంటే, ఫొటోల గతి ఏమిటి?


మధురవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి:

టీచరుగారూ, ఫొటోల మాట అడిగారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. యాంటీవైరస్ కంటే ముందు కొనవలసింది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, అంటే బయటి నుంచి తగిలించేది. ఫార్మాట్‌కు ముందే కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో నాలుగైదు ఫొటోలు తెరిచి చూసి, అప్పుడు డిస్కు పీకి లోపల పెట్టండి. పీకడం మరచిపోవద్దు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్కుకూ వేస్తుంది. ఇంకో కాపీ వైజాగ్‌లో ఉంచకండి, బెంగళూరులో మీ అబ్బాయి దగ్గర ఉంచండి. హుద్‌హుద్ గోపాలపట్నాన్నీ పెందుర్తినీ వేరువేరుగా చూడలేదు కదా.

ఇక యాంటీవైరస్. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారెటివ్స్ అని పరీక్షించే సంస్థలున్నాయి. వాటి ఫలితాల్లో కొన్నేళ్లుగా డిఫెండర్ డబ్బిచ్చి కొనేవాటి పక్కనే నిలబడుతోంది. ఒక లోపం ఉంది. దాని బలం చాలావరకు ఇంటర్నెట్ అవతల ఉన్న సర్వర్లలో ఉంది, నెట్ లేనప్పుడు పట్టు తగ్గుతుంది. అందుకని జిరాక్స్ షాపు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు నెట్ ఆపకండి. అసలు పెన్‌డ్రైవ్ ఎందుకు? ప్రశ్నపత్రం పీడీఎఫ్ చేసి షాపువాళ్లకు వాట్సాప్‌లో పంపండి. ఎప్పుడైనా పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు మాయమై షార్ట్‌కట్‌లు మాత్రమే కనిపిస్తే వాటి మీద నొక్కకండి, కంగారుపడి ఫార్మాట్ కూడా చేయకండి. చాలావరకు ఫైళ్లు లోపలే దాగి ఉంటాయి.

డబ్బిచ్చి కొనేవాటిలో వైరస్ పట్టడం కాక నెట్‌లో మన జాడ దాచే వీపీఎన్, పాస్‌వర్డుల పెట్టె, పిల్లలకు హద్దులు లాంటివి కలిపి అమ్ముతారు. మీకు వాటితో పనిలేదు. మనవడికి వేరే ఖాతా తెరిచి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇవ్వకపోతే చాలు. ఏదైనా దించి ఎక్కించబోతే చాలాసార్లు మీ పాస్‌వర్డు అడుగుతుంది.

పక్కింటివారి ఉచితం గురించి: ఉచితమన్నదల్లా చెడ్డదని కాదు. కానీ అవాస్ట్ తన వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లు చూశారన్న వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది. కాపలావాడే మన ఇంటికి ఎవరు వచ్చారో వీధిలో చెప్పుకుంటే ఏం చేస్తాం?

డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనేది ఒకటి ఉంది. మొదట ఆపి ఉంటుంది, మీరే వేసుకోవాలి. వేస్తే పరిచయం లేని ప్రోగ్రాములు ఫొటోల ఫోల్డర్‌ను మార్చలేవు. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రామును కూడా అడ్డుకుని విసిగిస్తుంది, దాన్ని అనుమతించుకోవచ్చు.

ఏ యాంటీవైరస్ ఆపలేనిది మా పెద్దనాన్నగారికి జరిగింది. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోను చేస్తే, దూరం నుంచి తెరను నడిపే యాప్‌ను ఆయనే ఎక్కించుకున్నారు. నిమిషాల్లో పద్నాలుగు వేలు పోయాయి. యాంటీవైరస్‌కు డబ్బు కట్టి ఉన్నారు, టిక్కు ఆకుపచ్చగానే ఉంది. యజమానే తలుపు తీస్తే అది ఏం చేస్తుంది? అలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఆయన రెండు రోజులు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.


కూర్మన్నపాలెం మాజీ ఫోర్‌మన్:

అయితే ఇన్నేళ్లు నేను కట్టిన డబ్బంతా దండగ అంటారా?


కంప్యూటర్ రిపేర్లు, సీతమ్మధార:

దండగ అనను సార్. మీది నిజమైన విండోస్ అయి, అప్‌డేట్లు పడుతూ ఉంటే దానికి అదనంగా ఒక కాపలా ఉన్నట్టు. ఏదైనా వస్తే ఫోను చేసి అడగడానికి ఒక మనిషి ఉంటాడు, కొందరికి ఆ ధైర్యమే కావాలి. రోజుకు నలభై పెన్‌డ్రైవ్‌లు పెట్టించుకునే నెట్ సెంటర్లకు నేనే కొనమని చెబుతాను. టీచరుగారికి మాత్రం ఆ రెండు వేల నాలుగు వందలు డిస్కు మీద పెట్టమంటాను.


గోపాలపట్నం లెక్కల టీచరు:

పది రోజుల తరువాత రాస్తున్నాను. మొదట డిస్కు కొని ఫొటోలు ఎక్కించాను. లెక్కపెట్టాను, 640కి 638 వచ్చాయి. మిగతా రెండూ వెతికితే డెస్క్‌టాప్ మీద, ప్రశ్నపత్రాల మధ్యలో దొరికాయి. పెందుర్తిలో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకున్నాను. తరువాతే ఫార్మాట్ చేయించాను. విండోస్ లైసెన్స్ కొన్నాను, బిల్లులో ఈసారి దాని పేరు వేయించాను. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు పెట్టమంటే పెట్టించాను. ఇదివరకు కంప్యూటర్ వేసి వెళ్లి కాఫీ కలుపుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు పాలు కూడా వేడెక్కవు. యాంటీవైరస్‌ను ఇన్నాళ్లూ తిట్టుకున్నాను గానీ, నిదానం హార్డ్ డిస్క్‌దట.

డిఫెండర్ పచ్చగా ఉంది. అక్టోబరు దాకా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నాను. తరువాత కొత్త కంప్యూటర్ సంగతి అప్పుడు చూద్దాం. మనవడికి వేరే ఖాతా పెట్టాను. మొన్న ఆదివారం వచ్చి పాస్‌వర్డు అడిగితే పదిహేడో ఎక్కం చెప్పమన్నాను. పదిహేడు ఆరుల దగ్గర ఆగిపోయాడు.

జిరాక్స్ షాపతను వాట్సాప్‌కు వెంటనే ఒప్పుకున్నాడు. ఊరందరి పెన్‌డ్రైవ్‌లతో ఆయనకే తలనొప్పిగా ఉందట.

రెండో కాపీ చేసిన డిస్కు సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి చేతికి ఇస్తాను. యాంటీవైరస్ కొనలేదని వాడికి ఇంకా చెప్పలేదు. చెబితే నేను ముందే చెప్పలేదా అంటాడు.